ఒకే అక్షరాలు, వేరు వేరు అర్థాలు: ఆరక్షరాల ఇంగ్లీషు మాటలను విడదీసి నేర్చుకోవడం ఎలా?

ఒకసారి నేను రాసిన ఉత్తరంలో ‘యునైటెడ్’ అని ఉండవలసిన చోట ‘అన్‌టైడ్’ అని పడింది. పక్కపక్కనే ఉన్న ఐ, టి అక్షరాలు చోటు మార్చుకున్నాయి, అంతే; యు-ఎన్-ఐ-టి-ఈ-డి కాస్తా యు-ఎన్-టి-ఐ-ఈ-డి అయింది. కంప్యూటర్ ఆ మాట కింద ఎర్రగీత గీయలేదు, ఎందుకంటే దాని లెక్కలో రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. ‘ఏకమైన’ అని చెప్పబోయి ‘కట్లు ఊడిన’ అని చెప్పిన సంగతి ఉత్తరం వెళ్లిపోయిన తరువాత గానీ నా కంట పడలేదు. ఆనాటి నుంచి ఇటువంటి మాటలను గుంపులుగా రాసుకుంటూ, ఒక్కొక్క దాని అర్థాన్ని విడివిడిగా పరిశీలించే అలవాటు చేసుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఆరక్షరాల మాటలనే ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్న సహజం. నాలుగక్షరాల మాటలు చాలావరకు ఒకే ముక్క. విడదీయడానికి వాటిలో పెద్దగా ఏమీ ఉండదు. తొమ్మిది, పది అక్షరాల దాకా వెళితే మాట ఒక్క చూపుకు అందదు. ఆరక్షరాల మాటలో రెండక్షరాల ఉపసర్గ, నాలుగక్షరాల మూలం హాయిగా ఇముడుతాయి. లేదా నాలుగక్షరాల మాట, దాని వెనుక రెండక్షరాల ప్రత్యయం ఇముడుతాయి. పైగా వేరు వేరు ఆరక్షరాలను 720 రకాలుగా పేర్చవచ్చు. వాటిలో ఒక అక్షరం రెండుసార్లు వస్తే ఆ సంఖ్య 360కి తగ్గుతుంది. ఇన్ని వందల అమరికల్లోనూ నిజమైన మాటలు సాధారణంగా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి కనుక, ఒక గుంపును క్షుణ్ణంగా నేర్చుకోవడం ఒక పూట పని మాత్రమే.

మొదలుపెట్టే ముందు ఒక మనవి. ఈ వ్యాసంలో ఇంగ్లీషు మాటలను వాటి ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను. అవసరమైన చోట స్పెల్లింగును అక్షరాల పేర్లతో ఇస్తున్నాను. మీరు ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకొని, ప్రతి మాటనూ ఇంగ్లీషు అక్షరాలలో మీ చేత్తో రాసుకుంటూ చదవండి. రెండు మాటల్లో ఒకే అక్షరాలున్నాయన్న సంగతి చెవికి వినపడదు, కాగితం మీదనే కనపడుతుంది.

మొదటి మెట్టు: మాటకు తాళంచెవి తయారుచేయండి

మాటలోని ఆరక్షరాలను ఏ, బి, సి, డి వరుసలో తిరిగి పేర్చి రాయండి. ‘లిసెన్’ స్పెల్లింగు ఎల్-ఐ-ఎస్-టి-ఈ-ఎన్. వరుసలో పెడితే ఈ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి అవుతుంది. దీన్ని ఆ మాటకు తాళంచెవి అనుకోండి. మరో మాటను ఇలాగే పేర్చినప్పుడు ఇదే వరుస వస్తే రెండింటిలోనూ ఉన్నవి ఒకే అక్షరాలు. ఒక్క అక్షరం తేడా వచ్చినా అవి ఈ గుంపుకు చెందవు. ‘సైలెంట్’, ‘ఎన్‌లిస్ట్’, ‘టిన్సెల్’, ‘ఇన్‌లెట్స్’ అనే నాలుగూ ఇదే తాళంచెవికి తెరుచుకుంటాయి.

ఇప్పుడు అర్థాలు చూడండి. ‘లిసెన్’ అంటే శ్రద్ధగా వినడం. ‘సైలెంట్’ అంటే నిశ్శబ్దంగా ఉన్న. ‘ఎన్‌లిస్ట్’ అంటే సైన్యం వంటి దానిలో పేరు నమోదు చేసుకోవడం, లేదా ఒక పనికి ఇతరుల సాయం కూడగట్టుకోవడం. ‘టిన్సెల్’ అంటే అలంకరణకు వాడే తళుకు తీగ. ‘ఇన్‌లెట్స్’ అంటే ఒడ్డును చీల్చుకొని లోపలికి చొచ్చుకువచ్చిన సన్నని నీటిపాయలు. వినాలంటే నిశ్శబ్దంగా ఉండాలి కదా అని మొదటి రెండు మాటలకూ చుట్టరికం కలిపేవారు చాలామంది ఉన్నారు. ముచ్చటగానే ఉంటుంది గానీ అది చుట్టరికం కాదు. ‘లిసెన్’ ప్రాచీన ఇంగ్లీషు మాట. ‘సైలెంట్’ లాటిన్ నుంచి వచ్చింది. ‘టిన్సెల్’ నిప్పురవ్వ అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అక్షరాలు కలగాపులగంగా కలిసినంత మాత్రాన అర్థాలు కలవవన్న సంగతిని మొదటి రోజే మనసులో నాటుకోవాలి. తరువాతి మెట్లన్నీ దీని మీదనే నిలబడతాయి.

తాళంచెవి వల్ల ఇంకొక ఉపయోగం కూడా ఉంది. ఎత్తు అనే అర్థమున్న ‘హైట్’, ఎనిమిదవది అనే అర్థమున్న ‘ఎయిత్’ రెండింటికీ తాళంచెవి ఈ-జి-హెచ్-హెచ్-ఐ-టి. ‘ఎయిత్’ రాసేటప్పుడు ఒక హెచ్‌ను మింగేసేవారు, దానికి జంటగా ‘హైట్’ను తలచుకుంటే రెండు హెచ్‌లూ గుర్తుకు వస్తాయి.

రెండవ మెట్టు: మాటను పైకి పలికి, ఆ ధ్వనిని తెలుగులో రాయండి

తెలుగులో ‘కలప’ను తిరగేస్తే ‘పలక’ అవుతుంది. చోటు మారినా క అక్షరం కగానే, ప అక్షరం పగానే వినబడతాయి. మనకు పుట్టుకతో అలవాటైన ఈ నమ్మకమే ఇంగ్లీషు దగ్గర మనల్ని ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అక్కడ అక్షరం చోటు మారితే ధ్వని కూడా మారిపోవచ్చు. ఏ-డి-ఈ-జి-ఎన్-ఆర్ అనే తాళంచెవిని తీసుకోండి. తోట అనే అర్థమున్న ‘గార్డెన్’, ప్రమాదం అనే అర్థమున్న ‘డేంజర్’, మగ పెద్దబాతు అనే అర్థమున్న ‘గ్యాండర్’, ఒక హద్దు నుంచి మరో హద్దు వరకు వ్యాపించిన అనే అర్థంలో వాడే ‘రేంజ్‌డ్’ ఈ గుంపులోనివి. జి తరువాత ఏ అనే అక్షరం వచ్చిన మాటల్లో అది గకారంగా పలికింది. ఈ అనే అక్షరం వచ్చిన మాటల్లో జకారంగా మారింది. ఈ సూత్రం చాలాసార్లు పనిచేస్తుంది గానీ ప్రతిసారీ కాదు: వేలు అనే అర్థమున్న ‘ఫింగర్’లో జి తరువాత ఈ ఉన్నా గకారమే నిలిచింది, అవే అక్షరాలతో ఏర్పడిన ‘ఫ్రింజ్’లో మాత్రం జకారం వచ్చింది. ఈ రెండవ మాటకు బట్ట అంచున వేలాడే కుచ్చు అని, ఏ విషయానికైనా మధ్యలో కాక అంచున ఉన్న భాగం అని అర్థం. సంతకం చేసిన అనే ‘సైన్డ్’, పైపైన కాలిన అనే ‘సింజ్డ్’ కూడా అటువంటి జతే. ఒక దానిలో జి పలకనే పలకదు.

పలకని అక్షరాలను చూసి విసుక్కోకండి, అవి తరచుగా అర్థానికి ఆనవాళ్లు. ‘ఫాసెన్’ అంటే బిగించడం. ఎఫ్-ఏ-ఎస్-టి-ఈ-ఎన్ అనే ఆ మాటలో టి వినబడదు. కానీ ఆ మాట ‘ఫాస్ట్’ నుంచి వచ్చింది, ‘ఫాస్ట్’కు వేగంగా అనే అర్థంతో పాటు గట్టిగా బిగిసిన అనే పాత అర్థం కూడా ఉంది. టి కనబడకపోతే ఆ సంబంధం మనకు తట్టేది కాదు. తొందరపడటం అనే అర్థమున్న ‘హేసెన్’లో ‘హేస్ట్’ దాగి ఉన్నది కూడా ఇలాగే. మెత్తబరచడం అనే అర్థమున్న ‘సాఫెన్’లో ‘సాఫ్ట్’ను మీరే పట్టుకోగలరు.

అక్షరాలు అదే వరుసలో ఉన్నా ధ్వని వేరయ్యే మాటలు మరొక తరగతి. ఓ-యు-జి-హెచ్ అనే నాలుగక్షరాలున్న ఆరక్షరాల మాటలను కొన్ని ఒకచోట రాయండి. ‘దో’ అంటే అయినప్పటికీ. ‘ఇనఫ్’ అంటే చాలినంత. ‘ట్రాఫ్’ అంటే పశువుల కుడితితొట్టి, లేదా రెండు ఎత్తుల నడుమ ఉన్న పల్లం. ‘ప్లౌ’ అంటే నాగలి, దున్నడం. ఒకప్పుడు ఈ జి-హెచ్‌కు గొంతు లోపలి నుంచి వచ్చే ఒక ధ్వని ఉండేది. కాలక్రమంలో అది కొన్ని మాటల్లో పూర్తిగా మాయమైంది, కొన్నింటిలో ఫకారంగా మారింది. ‘బాట్’, ‘ఫాట్’, ‘సాట్’ అనే మూడింటిలో ఓ-యు-జి-హెచ్-టి అనే చివరి భాగం భూతకాలాన్ని తెలుపుతుంది: అవి వరుసగా కొనడం, పోరాడటం, వెతకడం అనే క్రియల గతరూపాలు. ఇక ‘స్లౌ’ అని పలికితే బురదనేల, అదే స్పెల్లింగును ‘స్లఫ్’ అని పలికితే పాము విడిచిన కుబుసం, లేదా కుబుసాన్ని విడవడం. ఇటువంటి చోట ధ్వని తెలియకపోతే అర్థమే తెలియదు. అందువల్ల నోటుబుక్కులో ప్రతి మాట పక్కన దాని ఉచ్చారణను తెలుగులో తప్పనిసరిగా రాయండి. ధ్వనిని ఉన్నదున్నట్టు పట్టి ఉంచడంలో మన లిపి చాలావరకు నమ్మదగినది.

మూడవ మెట్టు: చివరి అక్షరాలు మాటలో భాగమా, తోక మాత్రమేనా చూడండి

ఏ-ఈ-ఎల్-పి-ఎస్-టి అనే తాళంచెవికి ‘ప్లేట్స్’, ‘పెటల్స్’, ‘ప్లీట్స్’, ‘పేలెస్ట్’, ‘స్టేపుల్’, ‘పాస్టెల్’ అనే ఆరు మాటలు దొరుకుతాయి. ఆరింటినీ ఆరు కొత్త మాటలుగా బట్టీ పట్టనవసరం లేదు. మొదటి మూడింటి చివరి ఎస్ బహువచనపు గుర్తు. దాన్ని తీసేస్తే పళ్లెం, పూరేకు, బట్టలోని మడత అనే అర్థాలున్న అయిదక్షరాల మాటలు మిగులుతాయి. ‘పేలెస్ట్’లో చివరి ఎస్-టి అన్నింటికన్నా ఎక్కువ అని చెప్పే గుర్తు, మూలం పాలిపోయిన అనే అర్థమున్న ‘పేల్’. నిజంగా ఆరక్షరాలుగా పుట్టినవి చివరి రెండే. ‘స్టేపుల్’ అంటే కాగితాలను కుట్టే తీగముక్క, అలాగే ప్రధానమైన ఆహారం లేదా సరుకు. ‘పాస్టెల్’ అంటే రంగుల సుద్ద, దానితో వచ్చే లేతరంగు.

ఈ-డి తోకను కూడా ఇలాగే పరీక్షించండి, అయితే ‘ఇండీడ్’, ‘ఎక్సీడ్’, ‘హేట్రెడ్’ వంటి మాటల చివర ఉన్నది భూతకాలం కాదని గుర్తుంచుకోండి. అవి వరుసగా నిజానికి, మించిపోవు, ద్వేషం అనే అర్థాలున్న మాటలు.

ఎల్-వై దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడే చోటు ఇదే. ఈ ప్రత్యయం శరీరం, రూపం అనే అర్థాలున్న ఒక ప్రాచీన మాట నుంచి పుట్టింది. ‘ఆ విధంగా’ అనే అర్థాన్ని అది చాలా మాటలకు ఇస్తుంది. ‘ఫర్మ్లీ’ అంటే దృఢంగా. ఇదే లెక్కన ‘హార్డ్లీ’ అంటే కష్టపడి అనీ, ‘లేట్లీ’ అంటే ఆలస్యంగా అనీ అనుకుంటే అర్థం తలకిందులవుతుంది. ‘హార్డ్’ అన్న మాటే కష్టపడి అనే అర్థాన్ని ఇస్తుంది. ‘హార్డ్లీ’ అంటే దాదాపు లేనట్టే. ‘హీ వర్క్స్ హార్డ్’ అంటే అతడు కష్టపడి పనిచేస్తాడు. ‘హీ హార్డ్లీ వర్క్స్’ అంటే అతడు పనిచేయడమే అరుదు. మెచ్చుకోబోయి తిట్టినట్టు కావడానికి ఈ రెండక్షరాలు చాలు. ‘లేట్లీ’ అంటే ఈమధ్య. ‘నియర్లీ’ అంటే ఇంచుమించు. ‘బేర్లీ’ అంటే అతికష్టం మీద, ఏదో అయిందనిపించేటంతగా. ఇందులో ‘బేర్లీ’కి అవే అక్షరాలున్న బంధువులు కూడా ఉన్నాయి: ధాన్యం పేరైన ‘బార్లీ’, నిద్రలేమితో మసకబారిన కళ్లను చెప్పే ‘బ్లియరీ’.

ఇంకొక జాగ్రత్త. ‘లోన్లీ’, ‘లవ్లీ’, ‘కాస్ట్లీ’, ‘టైమ్లీ’, ‘లైక్లీ’ అనేవి ఎల్-వైతో ముగిసినా క్రియను వర్ణించవు, నామవాచకాన్ని వర్ణిస్తాయి: ఒంటరి, అందమైన, ఖరీదైన, సకాలంలో జరిగిన, జరిగే అవకాశమున్న. ‘ఫ్యామిలీ’, ‘సప్లై’లలో అయితే ఆ రెండక్షరాలు ప్రత్యయమే కావు.

నాలుగవ మెట్టు: మొదటి భాగాన్ని, మూలాన్ని విడదీయండి

ఈ మెట్టు పొడవైనది, ఫలితం కూడా ఇక్కడే ఎక్కువ. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే మాటల్లో మూలం ఒకటే; ముందు చేరిన ఉపసర్గ ఆ మూలాన్ని ఒక్కొక్కసారి ఒక్కొక్క దిక్కుకు లాక్కుపోయింది. లాటిన్ నుంచి వచ్చిన ఇంగ్లీషు మాటలు సరిగ్గా ఇలాగే పనిచేస్తాయి కనుక, తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త విద్య కాదు.

డి-యు-సి-ఈ అనే నాలుగక్షరాలతో ముగిసే ఆరక్షరాల మాటలను తీసుకోండి. వాటి మూలమైన లాటిన్ క్రియకు నడిపించు, దారితీయు అని అర్థం. ‘ఇండ్యూస్’ అంటే లోపలికి నడిపించడం, అంటే ఒక పనికి పురికొల్పడం. ‘డిడ్యూస్’ అంటే ఒకచోటు నుంచి నడిపించడం, అంటే తెలిసిన సంగతుల నుంచి తెలియని నిర్ణయానికి రావడం. ‘అడ్యూస్’ అంటే దగ్గరకు తేవడం, అంటే వాదనకు సాక్ష్యంగా చూపడం. ‘సెడ్యూస్’ అంటే పక్కకు నడిపించడం, అంటే ఆశపెట్టి దారి తప్పించడం. ‘రెడ్యూస్’కు తగ్గించడం అనే అర్థం అందరికీ తెలుసు, దాని మొదటి అర్థం మాత్రం తిరిగి వెనక్కు తేవడం. విరిగిన ఎముకను మళ్లీ దాని చోటికి తేవడాన్ని వైద్యులు ఈనాటికీ ఈ మాటతోనే చెబుతారు. ఎముకను ‘తగ్గించడం’ ఏమిటని కంగారు పడకుండా ఉండాలంటే మూలం తెలిసి ఉండాలి.

ఎం-ఐ-టితో ముగిసే మాటల దగ్గర ఇదే పద్ధతి కొంతదూరం నడిపించి, తరువాత మోసం చేస్తుంది. పంపు, విడుచు అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి ‘పర్మిట్’, ‘సబ్మిట్’, ‘కమిట్’ వచ్చాయి. గుండా పోనివ్వడం అనుమతి అయింది. కిందికి ఉంచడం లొంగిపోవడం, సమర్పించడం అయింది. ఒకచోట చేర్చి అప్పగించడం అనే భావం నుంచి మాటకు కట్టుబడటం, నేరానికి పాల్పడటం అనే అర్థాలు వచ్చాయి. ఈ ఊపులో ‘హెర్మిట్’ను, ‘సమిట్’ను కూడా అదే కుటుంబంలో చేర్చకండి. ఏకాంతంగా జీవించే ముని అనే అర్థమున్న ‘హెర్మిట్’ నిర్జనమైన అనే గ్రీకు మాట నుంచి వచ్చింది; శిఖరం అనే అర్థమున్న ‘సమిట్’ అత్యున్నతమైన అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. చివరి మూడక్షరాలు కలవడం కేవలం యాదృచ్ఛికం.

ఎం-ఏ-ఎన్‌తో మొదలయ్యే మాటలు మరింత చిత్రమైనవి. చేయి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి చేతితో చేసే అనే ‘మాన్యువల్’, నిర్వహించడం అనే ‘మేనేజ్’, పద్ధతి అనే ‘మానర్’ పుట్టాయి. ఎరువు అనే అర్థమున్న ‘మెన్యూర్’ కూడా ఇక్కడిదే: అది మొదట చేత్తో నేలను సాగుచేయడాన్ని తెలిపి, క్రమంగా సాగుకోసం నేలలో వేసే పదార్థానికి పేరైంది. ఇదే అక్షరాలతో మొదలయ్యే ‘మంత్ర’ మాత్రం సంస్కృతం నుంచి, ‘మాంటిస్’ అనే పురుగు పేరు దైవజ్ఞుడు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి, పశువుల గాడి అనే అర్థమున్న ‘మేంజర్’ తినడం అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చాయి. మనిషి అనే ‘మ్యాన్’ నుంచి వీటిలో ఏదీ పుట్టలేదు.

ఇప్పుడు మొదట చెప్పిన నా పొరపాటు దగ్గరకు వద్దాం. ‘యునైటెడ్’, ‘అన్‌టైడ్’ రెండూ యు-ఎన్‌తోనే మొదలవుతాయి. మొదటి దానిలో యు-ఎన్ అంటే ఒకటి. లాటిన్‌లోని ఆ మాటే సాటిలేని అనే ‘యునీక్’లోనూ, ఏకస్వరం అనే ‘యూనిసన్’లోనూ ఉంది. రెండవ దానిలో ఉన్నది ఇంగ్లీషు వారి సొంత ఉపసర్గ. దానికి పని రెండు రకాలు. గుణాన్ని చెప్పే మాట ముందు చేరితే అది లేదని చెబుతుంది: ‘అన్‌ఫెయిర్’, ‘అన్‌జస్ట్’, ‘అన్‌సేఫ్’. క్రియ ముందు చేరితే జరిగిన పనిని వెనక్కు తిప్పుతుంది: ‘అన్‌లాక్’ అంటే తాళం వేయకపోవడం కాదు, వేసిన తాళాన్ని తీయడం, ‘అన్‌ఫోల్డ్’ అంటే మడతపెట్టకపోవడం కాదు, మడత విప్పడం. ఒకటి అనే అర్థంలో ‘యూ’ అని, కాదు అనే అర్థంలో ‘అన్’ అని పలకడం ఈ మాటల్లో మంచి ఆనవాలు. తప్పించి, లేకపోతే అనే అర్థాలున్న ‘అన్‌లెస్’ ఒక్కటి ఈ విభజనకు లొంగదు. అందులోని మొదటి రెండక్షరాలు అసలు ‘ఆన్’ అనే మాట రూపం మారి అలా మిగిలినవి.

ఈ మెట్టు మొత్తం ఒక్కచోట కనిపించే ఉదాహరణ ‘అక్సెప్ట్’, ‘ఎక్సెప్ట్’, ‘ఎక్స్‌పెక్ట్’ అనే మూడు మాటలు. ‘ఎక్సెప్ట్’, ‘ఎక్స్‌పెక్ట్’ రెండింటి అక్షరాలూ పూర్తిగా ఒకటే; తాళంచెవి సి-ఈ-ఈ-పి-టి-ఎక్స్. అయినా వాటి మూలాలకు సంబంధం లేదు. ‘ఎక్స్‌పెక్ట్’ అంటే ఎదురుచూడటం. అది చూడటం అనే క్రియ నుంచి వచ్చింది, ఎక్స్ పక్కన ఉండవలసిన ఎస్ అందులోనే కలిసిపోయింది. ‘ఎక్సెప్ట్’ అంటే తప్ప, మినహాయించి. అది పట్టుకొని బయటకు తీయడం అనే భావం నుంచి వచ్చింది. ఇక అంగీకరించడం అనే ‘అక్సెప్ట్’ తాళంచెవి వేరు గానీ, సి-ఈ-పి-టి అనే చివరి నాలుగక్షరాల వరుస ‘ఎక్సెప్ట్’తో కలుస్తుంది, మూలం కూడా ఒకటే, ఇందులో పట్టుకొని దగ్గరకు తీసుకోవడం ఉంది. అంటే అక్షరాలన్నీ ఉండి వరుస చెదిరిన జత పరాయిది, కొన్ని అక్షరాలే ఉన్నా వరుస నిలిచిన జత సొంతది. మీరు ఏ గుంపును పరిశీలించినా ముందు వరుసను చూడండి. తరువాత పెద్ద నిఘంటువులో ఆ మాట పుట్టుక గురించి ఇచ్చిన వివరం చదివి నిర్ధారించుకోండి. హెర్మిట్ దగ్గర జరిగినట్టు వరుస కూడా అప్పుడప్పుడు మోసగిస్తుంది కనుక ఈ రెండవ పని మానకూడదు.

అయిదవ మెట్టు: ఒకే స్పెల్లింగుకు రెండు ఉచ్చారణలున్న మాటలను వేరుగా రాయండి

‘మినిట్’ అని పలికితే నిమిషం. అదే స్పెల్లింగును ‘మైన్యూట్’ అని పలికితే అతిసూక్ష్మమైన. ఈ రెండూ మాత్రం నిజమైన తోబుట్టువులే. గంటను భాగించినప్పుడు వచ్చే మొదటి చిన్న భాగాన్ని లాటిన్‌లో మొదటి సూక్ష్మభాగం అన్నారు, దాన్ని మళ్లీ భాగిస్తే వచ్చేది రెండవ సూక్ష్మభాగం. మొదటి దానికి ‘సూక్ష్మం’ అనే మాట, రెండవ దానికి ‘రెండవ’ అనే మాట పేర్లుగా మిగిలిపోయాయి. సెకను అనే కాలప్రమాణానికీ, రెండవది అనే సంఖ్యకూ ఇంగ్లీషులో ‘సెకండ్’ అనే ఒకే ఆరక్షరాల మాట ఉండటానికి కారణం ఇదే.

ఎడారి అనే అర్థంలో ‘డెజర్ట్’ అని మొదటి భాగాన్ని ఊని పలుకుతారు; విడిచిపెట్టి పోవడం అనే అర్థంలో ‘డిజర్ట్’ అని రెండవ భాగాన్ని ఊని పలుకుతారు. ‘రెఫ్యూస్’ అంటే చెత్త, ‘రిఫ్యూజ్’ అంటే నిరాకరించడం. ‘పర్మిట్’, ‘ఎక్స్‌పోర్ట్’, ‘ఇంపోర్ట్’, ‘ఇన్సల్ట్’, ‘ఆబ్జెక్ట్’ వంటి మాటల్లోనూ నామవాచకానికి ముందు భాగం మీద, క్రియకు వెనుక భాగం మీద ఊనిక పడటం సాధారణం.

ఆరవ మెట్టు: ఒక్క మాటలో అర్థం రాసి వదిలేయకండి, వాక్యం రాయండి

తెలుగులో ఒక సమానపదం రాసుకోగానే పని అయిపోయిందనిపిస్తుంది. అది చాలదు. జతలోని రెండు మాటలూ ఒకే వాక్యంలో ఒకదాని చోట ఒకటి పెడితే ఏమవుతుందో పరీక్షించండి. సి-ఏ-ఎస్-యు-ఏ-ఎల్ అనే ‘క్యాజువల్’ అనుకోకుండా జరిగిన, పెద్దగా పట్టించుకోని అనే అర్థాలను ఇస్తుంది. సి-ఏ-యు-ఎస్-ఏ-ఎల్ అనే ‘కాజల్’ కారణానికి సంబంధించిన అనే అర్థాన్ని ఇస్తుంది. రెండు సంఘటనల నడుమ ‘కాజల్’ సంబంధం ఉందంటే ఒకటి మరొక దానికి కారణమని. దాన్ని ‘క్యాజువల్’ అని చదివితే శాస్త్రవ్యాసంలోని వాదన మొత్తం తారుమారవుతుంది. పవిత్రమైన అనే ‘సేక్రెడ్’, భయపడిన అనే ‘స్కేర్డ్’ కూడా అటువంటివే. ఒక స్థలాన్ని, ఒక మనిషిని పెట్టి రెండు వాక్యాలు రాయండి, తేడా వెంటనే పట్టుబడుతుంది.

కొన్ని జతలు కలిపితే ఒకే వాక్యంలో చక్కగా అమరుతాయి. ‘లేటెంట్’ అంటే దాగి ఉన్న, ‘టాలెంట్’ అంటే ప్రతిభ. రెండూ కలిపితే దాగి ఉన్న ప్రతిభ. ‘టాలెంట్’ మొదట గ్రీకుల తూనిక, ఆపైన ధనప్రమాణం. బైబిలులోని మత్తయి సువార్తలో సేవకులకు యజమాని ధనం అప్పగించిన కథ వల్ల దేవుడిచ్చిన సామర్థ్యం అనే అర్థం దానికి పట్టుబడింది. విగ్రహం అనే ‘స్టాట్యూ’, చురుకైన బుద్ధిగల అనే ‘అస్ట్యూట్’. రక్షించడం అనే ‘రెస్క్యూ’, భద్రపరచడం అనే ‘సెక్యూర్’, న్యాయమూర్తి వంటివారు తమకు సంబంధమున్న వ్యవహారం నుంచి తప్పుకోవడం అనే ‘రెక్యూజ్’: వీటితో వాక్యాలు మీరే రాసి చూడండి.

ఒక్కొక్కసారి జతలోని రెండూ ఒకే మాటకు రెండు రూపాలు కావచ్చు. కేంద్రం అనే ‘సెంటర్’ను బ్రిటన్‌లో ఆర్-ఈతో, అమెరికాలో ఈ-ఆర్‌తో ముగిస్తారు. అమెరికా పద్ధతి స్థిరపడటంలో 1828లో వెలువడిన నోవా వెబ్‌స్టర్ నిఘంటువుకు పెద్ద పాత్ర ఉంది. అవే అక్షరాలున్న ‘రీసెంట్’ మాత్రం వేరే మాట, ఇటీవలి అని అర్థం.

ఏడవ మెట్టు: తాళంచెవి నుంచి వెనక్కు రండి

పేజీకి ఎడమవైపు తాళంచెవి మాత్రమే రాసి, కుడివైపు మాటలను, ఉచ్చారణలను, ముక్కలను, వాక్యాలను రాయండి. మరునాడు కుడివైపును కాగితంతో మూసి, ఎడమవైపు ఆరక్షరాల నుంచి మాటలను తిరిగి రాబట్టండి. మాట దొరికి అర్థం చెప్పలేకపోతే ఆ మాట ఇంకా రానట్టే లెక్క వేసుకోండి. ఈ నియమం కఠినంగా తోచవచ్చు గానీ, దానికి కారణం ఉంది. అక్షరాల బిళ్లలతో మాటలు కూర్చే స్క్రాబుల్ ఆటగాళ్లు కూడా అక్షరాలను ఇలాగే వరుసలో పేర్చి మాటలను గుర్తుపెట్టుకుంటారు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీని ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే గెలిచారు. ఆ ఆటలో అర్థం ఎవరూ అడగరు. ఉత్తరం చదివేవారు అడుగుతారు.

రోజుకు ఒక గుంపు చాలు. మీరు రాసినదాన్ని ఎవరికైనా పంపే ముందు స్పెల్లింగు సరిచూసే సాధనం మీద ఆధారపడకుండా, మీ జాబితాలో ఉన్న మాటలను ప్రత్యేకంగా వెతికి చూడండి; రెండు రూపాలూ సరైనవే అయిన చోట ఆ సాధనం మౌనంగా ఉండవచ్చు.

మొదటి సాధనగా ఏ-డి-ఈ-ఎన్-ఆర్-డబ్ల్యూ అనే తాళంచెవిని తీసుకోండి. ఇందులో కనీసం మూడు మామూలు మాటలున్నాయి. ఒకటి ఒక భవనానికో, అందులో ఉండేవారికో కాపుగా నియమించిన మనిషిని చెబుతుంది. ఒకటి గమ్యం లేని నడకను చెబుతుంది. ఒకటి ముందే హెచ్చరించిన సంగతిని చెబుతుంది. మూడింటినీ రాసిన తరువాత, ఏ మాట చివర ఉన్నది నిజమైన తోకో, ఈ-ఎన్‌తో ముగిసే మాటలోని ఆ రెండక్షరాలు ‘ఫాసెన్’లో ఉన్నటువంటి ప్రత్యయమో కాదో నిఘంటువు తెరిచి తేల్చండి.